ఆగయ్య నీలం సఫారీ

ఎవరు ఫోటో దిగుతున్నా ఆగయ్య అందులో ఉండాలి. ఆయనకున్న వ్యసనం అదొక్కటే. కల్లు ముట్టడు, చుట్ట కాల్చడు, పేకముక్క పట్టడు. కానీ మేడిపల్లిలో ఏ పందిరి కింద కెమెరా బయటికి తీసినా ఆయనకు ఎలా తెలిసేదో తెలిసేది. పొలంలో ఉన్నా, మంచంలో ఉన్నా, అన్నం ముందు కూర్చున్నా లేచి వచ్చేవాడు.

పెళ్ళి ఎవరిదన్నది ఆయనకు పట్టదు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు మధ్యలో నిలబడతారు. చుట్టాలు అటూ ఇటూ సర్దుకుంటారు. ఫోటోగ్రాఫర్ ఒక కన్ను మూస్తాడు. సరిగ్గా అప్పుడు వెనక నుంచి వినిపిస్తుంది.

"జర జరుగుండ్రి, నేను పడ్తలేను!"

ఎవరూ జరగరు. ఆయనే భుజంతో జరుపుతాడు. పెళ్ళికూతురి మేనత్త ఒక పక్కకు, పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషి ఒక పక్కకు ఒరుగుతారు. మధ్యలో ఆగయ్య నిటారుగా మొలుస్తాడు. ఒంటి మీద నీలం సఫారీ.

ఆ సఫారీ మస్కట్‌లో కుట్టించుకున్నది. కొన్నేళ్ళు అక్కడ కూలిపని చేసి, తిరిగొచ్చేటప్పుడు అందరూ టేప్‌రికార్డర్లు తెచ్చుకుంటే ఆయన సఫారీ తెచ్చుకున్నాడు. మామూలు రోజుల్లో ధోతి, బనియన్. సఫారీ మాత్రం తలుపు పక్కన కొక్కానికి వేలాడుతూ ఉండేది, మంటలార్పే బండి లాగా ఎప్పుడు పిలుపొస్తే అప్పుడు సిద్ధంగా. జేబులో ఒక పెన్ను, అది రాయదు. గడియారం కుడి చేతికి, డయల్ మణికట్టు లోపలి వైపుకి. ఫోటోలో ఆ చేతిని పొట్ట మీద పెట్టుకొనేవాడు కాబట్టి టైమెంతైందో ఆయన పొట్టకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

"గోడకు సున్నం లేదు గని మొఖానికి రంగట!" అనేది ఆయన భార్య భూమవ్వ. "కూడు తినవోయినోడు లేసి ఉరుకుతండు. ఎవలదయ్యా పెండ్లి?"

"ఎరిక లేదు. వోయినంక అడుగుత."

పెళ్ళిళ్ళతో ఆగితే బాగుండేది. ఒకసారి పక్కింటాయన తన బర్రెకు ఇన్సూరెన్స్ చేయించుకుంటూ దానితో పాటు ఫోటో దిగాల్సి వచ్చింది. ఫోటోలో బర్రెకు ఆ పక్కన ఆయన, ఈ పక్కన సఫారీలో ఆగయ్య. జగిత్యాల ఆఫీసులో సారు ఆ ఫోటోను తిప్పి తిప్పి చూశాడట.

"గీ ఫోటోల బర్రె ఎవలది?"

"నాదే సార్."

"మరి గీ సఫారాయన?"

"గాయినె అన్ని ఫోటోలల్ల ఉంటడు సార్. బర్రెతోని ఏం సంబంధం లేదు."

మనవరాలు అఖిల పదో తరగతి గ్రూప్ ఫోటోలోనూ ఉన్నాడు. అన్నం డబ్బా ఇవ్వడానికి బడికి వచ్చి, సోషల్ టీచర్ పక్కన నిలబడ్డాడు. మరుసటి ఏడు కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు ఆ ఫోటో చూసి, ఆగయ్య బజారులో కనబడితే నమస్తే పెట్టి అడిగాడు.

"మీరు ఏ సబ్జెక్ట్ చెప్తుండె సార్?"

"అన్ని," అన్నాడు ఆగయ్య.

అలాంటి ఆగయ్య పోయిన మాఘమాసంలో నిద్రలోనే కన్నుమూశాడు. ముసలితనం తప్ప వేరే జబ్బేమీ లేదు. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, చేయాల్సినవి చేశారు. దినాల సంగతి మాట్లాడుకుంటూ ఉండగా ఆయన కొడుకు రాజమౌళి, "నాయిన ఫోటో ఒకటి పెద్దగ చేయించి ఫ్రేమ్ కట్టియ్యాలె," అన్నాడు. జగిత్యాల కాలేజీలో పాఠాలు చెప్పే అఖిల అందుకు తానే పూనుకుంది. ప్రపంచంలో ఇంతకన్నా తేలిక పని ఉండదనుకుంది.

ఇంట్లో ఉన్న ఆల్బమ్‌లన్నీ చాప మీద పరిచింది. ఫోన్లలో ఉన్నవన్నీ చూసింది. ప్రతిదాంట్లోనూ తాత ఉన్నాడు. ప్రతిదాంట్లోనూ మెడ పక్కకు తిప్పి ఉన్నాడు. ఫోటో దిగేటప్పుడు ఆయన చూపు కెమెరా మీద ఉండదు, వరుస మీద ఉంటుంది. చివర నిలబడ్డ పిల్లను లోపలికి రమ్మంటుంటాడు. వెనకున్నవాణ్ని ముందుకు పిలుస్తుంటాడు. బర్రె ఫోటోలో బర్రెను చూస్తున్నాడు. గ్రూప్ ఫోటోలో సోషల్ టీచర్‌ను చూస్తున్నాడు. ఊరందరి ఫోటోల్లో చొరబడ్డ మనిషికి సొంత ఇంట్లో మిగిలింది ఎడమ చెవి. చెవి మాత్రం అన్ని ఫోటోల్లోనూ స్పష్టంగా పడింది.

మిగిలినవి రెండు. ఆధార్ కార్డు, పాత పాస్‌పోర్టు. అఖిల రెండూ తీసుకెళ్ళి బాపమ్మకు చూపించింది. భూమవ్వ కళ్ళద్దాలు సర్దుకొని ఆధార్ కార్డు చూసింది.

"గిది దొంగతనం జేసి దొరికినోని మొఖం."

"మరి గిది చూడు బాపమ్మా, పాస్‌పోర్టుది. మంచిగ సూటిగ చూస్తండు."

"గీ పోరగాడా? మీసంల ఒక్క ఎంటిక గూడ నెరువలె. గీనికి నేను పెండ్లాన్నంటె వచ్చినోల్లు నవ్వుతరు." రెండూ వెనక్కి ఇచ్చేసింది. "మీ తాత నవ్వుకుంట నిలవడ్డది గావాలె. గట్లాంటిది దొరకకుంటె ఏ ఫోటో పెట్టకుండ్రి. పెడితె నేను దినాలల్ల కూసోను."

భూమవ్వ కూర్చోనన్నదంటే కూర్చోదు. అఖిలకు ఆ సంగతి తెలుసు, అందుకే స్కూటీ తీసింది. తాత దిగిన పెళ్ళిళ్ళు ఊళ్ళో కొల్లలు. ఎవరో ఒకరి ఆల్బమ్‌లో ముందుకు చూసి ఉండకపోతాడా?

మొదట దేవవ్వ ఇంటికి వెళ్ళింది. దేవవ్వ కూతురి పెళ్ళినాటి గొడవ ఊళ్ళో అందరికీ గుర్తే. అఖిల సంగతి చెప్పగానే దేవవ్వ చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది.

"మీ తాతతోని నేను గప్పుడు మస్తు కొట్లాడిన బిడ్డా! నా బిడ్డ పెండ్లి ఫోటోల, మా ఆయన నిలవడే జాగల వచ్చి నిలవడ్డడు. మా ఆయనేమో దుబాయిల ఉండె, సేటు సెలవియ్యలె. నేను ఏడుసుకుంట ఉంటె ఈయిన షోకు ఈయినకు. 'నీకేం పని ఈడ, జరుగవయ్యా' అని నెట్టిన గూడ."

"జరిగిండా?"

"మీ తాతనా? నన్నే జరిపిండు! ఇగ నేను కోరుట్లకు వోయి స్టూడియో విఠల్ మీద లొల్లి వెట్టిన. గా ముసలోన్ని తీసి పారెయ్యి అన్న. విఠల్ మంచోడు. ఈయిన్ని తీసేసి మా ఆయన్ని వెట్టిండు. ఇగో చూడు, ఎంత మంచిగ ఉన్నడో."

అఖిల చూసింది. పెళ్ళికూతురి పక్కన దేవవ్వ భర్త గంగాప్రసాద్ నిలబడి ఉన్నాడు. పాస్‌పోర్టు ఫోటోల్లో మనుషులు ఎలా ఉంటారో అలా, పోలీసు ముందు ఉన్నట్టు సూటిగా చూస్తున్నాడు. మెడ కింద నీలం సఫారీ. జేబులో పెన్ను. పొట్ట మీద కుడి చెయ్యి. చేతికి గడియారం, డయల్ లోపలికి.

అఖిల తలెత్తింది. అరుగు మీద కుర్చీలో గంగాప్రసాద్ కూర్చొని పల్లీలు ఒలుస్తున్నాడు. సన్నగా, పొట్టిగా, ఫోటోలో మనిషికి సగం ఉన్నాడు.

"మా మనుమలు అడుగుతరు," అన్నాడు పల్లీల మీంచి చూపు తీయకుండా. "తాతా, అమ్మ పెండ్లప్పుడు మస్తు ఎత్తుంటివి, ఇప్పుడెందుకు గింతే అయినవ్ అని."

"ఏమంటవు మరి?"

"దుబాయి ఎండకు గుంజుకపోయిన అంట."

రెండో ఇంట్లో నీలం సఫారీ మీద బట్టతల ఉంది. ఆ తర్వాతి ఇంట్లో చేతులు నల్లగా, ముఖం పసుపు రాసినంత తెల్లగా. ఇంకో ఇంట్లో తల ఒక సైజు చిన్నదై, సఫారీ కాలరు నుంచి తాబేలు తొంగి చూస్తున్నట్టు ఉంది. అన్ని ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళు ఒకటే మాట అన్నారు: మీ తాత చొరబడితే విఠల్‌తో తీయించినం, మా ఆయన్ని పెట్టించినం. అన్ని ఇళ్ళల్లోనూ పెళ్ళినాటికి ఆ ఇంటాయన గల్ఫ్‌లోనే ఉన్నాడు. అన్ని గడియారాల డయల్ లోపలికే.

చివరి ఇంట్లోంచి అఖిల తిన్నగా కోరుట్ల బస్టాండు దగ్గర విఠల్ స్టూడియోకు వెళ్ళింది. విఠల్‌కు ఇప్పుడు పని తక్కువ. ఫోన్లు వచ్చాక ఆయన దగ్గరికి పాస్‌పోర్టు ఫోటోలకూ, పోయినవాళ్ళ ఫ్రేములకూ తప్ప ఎవరూ రావడం లేదు.

"కాకా, మా తాత ఫోటో గావాలె. ఏదైనా సరే, మొఖం కనవడాలె."

విఠల్ చేతిలోని పని పక్కన పెట్టాడు.

"మొఖాలే ఉన్నయి బిడ్డా," అన్నాడు. "మొఖాలు తప్ప ఏం లెవ్వు."

లోపలికి వెళ్ళి బిస్కట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చి, మూత తీసి, గాజు బల్ల మీద బోర్లించాడు. జలజలా తలకాయలు రాలాయి. బ్లేడుతో గుండ్రంగా కోసిన ఆగయ్య తలకాయలు, వేలి గోరంతవి, రూపాయి బిళ్ళంతవి. అన్నీ ముందుకే చూస్తున్నాయి. అన్నీ నవ్వుతున్నాయి.

"గప్పుడు కంప్యూటర్లు లేకుండె గద. ఫోటో కడిగి, ఆగన్న తలకాయ కోసి, గా జాగల ఇంకోని తలకాయ అతికిచ్చి, మల్ల ఫోటో తీస్తుంటి. నెగిటివ్‌లు చెద తిన్నయి. గివి పారేస్తమంటె చెయ్యి రాలె. మనిషి తల గద బిడ్డా, ఊకెనే చెత్తల ఎట్లేస్తం?"

అఖిల ఒక్కొక్కటీ వేలితో జరిపి, పాతవి ఎడమకు, కొత్తవి కుడికి వరస పెట్టింది. మీసం నల్లగా ఉన్నది మొదట. తర్వాత మీసం మరీ నల్లగా, రంగు పెదవికి కూడా అంటి. ఆ తర్వాత రంగు మానేసి, నెరిసి. ఒకచోట ముందు పన్ను పోయింది, నవ్వు మాత్రం తగ్గలేదు. ఒకచోట కళ్ళద్దాలు వచ్చాయి. మధ్యలో ఒకటి నున్నటి గుండు.

"గిదేంది కాకా?"

"నువ్వు పుట్టిన ఏడు. వేములాడ రాజన్నకు ఎంటికలిచ్చి వచ్చిండు."

అఖిల ఆ గుండును పక్కన పెట్టింది. తర్వాత అడిగింది, అన్ని పెళ్ళిళ్ళల్లోనూ ఇంటాయన గల్ఫ్‌లోనే ఎందుకున్నాడని. విఠల్ చెప్పడం మొదలుపెట్టాడు.

"మీ మేనత్త ఊర్మిల పెండ్లికి ఫోటోలు తీసింది నేనే. మీ తాత మస్కట్ల ఉండె. మీ బాపమ్మ పక్కకు ఇంత జాగ ఇడిసిపెట్టింది. ఎవలచ్చి నిలవడవోయినా నిలవడనియ్యలె. గా ఫోటో ఎవలో పోతుంటె మస్కట్‌కు పంపిచ్చిన్రు. మీ తాత చూసిండు. ఇంటికి తిరిగొచ్చిన వారానికే సఫారేసుకోని నా షాపుకొచ్చిండు. 'విఠలు, ఫోటోల ఖాళీ ఉంటె గది పెండ్లోల్లకంటె ముందు కనవడ్తది. ఏదన్న తొవ్వ జెప్పు,' అన్నడు."

"తొవ్వ గిదా?"

"ఖాళీ జాగల తల పెట్టరాదు బిడ్డా, కింద పెయ్యి ఉండాలె, కాల్లు చేతులు ఉండాలె. పెయ్యి నేనిస్త అన్నడు. మెడ నిటారుగ వెట్టుమన్న. కెమెరా దిక్కు చూడుమన్న. గా పెండ్లిల్లల్లనే సూటిగ చూస్తుండె, కడమ ఫోటోలల్ల ఆయన కథ నీకెరికే."

"ముందుగాల చెప్పి నిలవడొచ్చు గద? ఊరంత తిట్టిన్రు."

"నేను గూడ గదే అన్న. ఏమన్నడు ఎరికేనా? 'మొగడు రాకపాయె అని గా తల్లి అసలే ఏడుస్తుంటది. నీ మొగని జాగల నిలవడ్త అమ్మా అని చెప్తె ఇంకింత ఏడుస్తది. నన్ను తిట్టుకుంట ఉంటె ఏడుపు మరుస్తది గద,' అన్నడు."

అఖిల గాజు బల్ల మీద తలకాయల వంక చూసింది. అన్నీ ఆ మాటే అని నవ్వుతున్నట్టున్నాయి.

"మరి బర్రె ఫోటో, కాకా?"

"గది ఉత్త షోకు," అన్నాడు విఠల్.

డబ్బా మూత వేస్తూ మళ్ళీ అన్నాడు. "నీ బిడ్డ ఫోటోల నిన్ను వెడ్త ఆగన్నా అని ఎన్నిసార్లు అడిగిననో. వద్దన్నడు. 'నా బిడ్డకు ఎరికే నేను రాలేదని. కడమోల్ల పిల్లలన్న మర్వనీ,' అన్నడు."

ఆ మాటతో అఖిల చేయాల్సిన పని మారిపోయింది. మరునాడు పొద్దున్నే సిరిసిల్ల బస్సెక్కింది.

ఊర్మిల ఇల్లూ మరమగ్గాల షెడ్డూ ఒకే కప్పు కింద ఉంటాయి. ఆ చప్పుడులో బతికి బతికి ఊర్మిల ఆదివారం కూడా అరిచే మాట్లాడుతుంది. కథంతా విని, ఏమీ అనకుండా స్టూలెక్కి, గోడ మీది పెళ్ళి ఫోటో దించింది. ఫోటో ఉన్నంత మేర గోడ తెల్లగా మిగిలింది.

"దా, చూడు. అమ్మ పక్కకు. మా మేనమామ గీ జాగల నిలవడ్త అని వచ్చిండు. అమ్మ మోచెయ్యితోని ఒక్క పోటు వొడిసింది. మోచెయ్యి గూడ ఫోటోల పడ్డది!"

నిజమే. భూమవ్వ మోచెయ్యి ఆ ఖాళీలోకి పొడుచుకొని ఉంది.

"అత్తమ్మా, తాత వద్దన్నడట. మనం పెట్టిచ్చుడు మంచిగుంటదా?"

"వద్దంటె?" ఊర్మిల గొంతు మగ్గాలను మించిపోయింది. "ఊరందరి పెండ్లిల్లల్ల అడుగకుండ దూరిండు గదా! నా పెండ్లిల దూరుడు వద్దా? తీస్కపోయి పెట్టిచ్చు!"

తలకు కొదవ లేదు. పెయ్యే కావాలి. అఖిల మళ్ళీ గంగాప్రసాద్ ఇంటికి వెళ్ళింది. దేవవ్వ పొలానికి పోయింది. ఒక్క రోజు కోసం ఆల్బమ్ కావాలంటే, ఎందుకని అడగకుండా ఆయనే తెచ్చి చేతిలో పెట్టాడు.

"నా తలకాయ పైలం బిడ్డా," అన్నాడు.

అఖిల ఆయన వంక చూసింది.

"నేనెన్నడు సఫారీ కుట్టియ్యలె," అన్నాడు గంగాప్రసాద్. "దేవవ్వకు చెప్పకు."

విఠల్ కొడుకు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. విఠల్ వెనక నిలబడి చెప్పాడు. ఏళ్ళ తర్వాత ఆగయ్య తల ఆగయ్య మెడ మీదికి తిరిగొచ్చింది. అఖిల ఎంచుకున్నది పన్ను పోయి నవ్వుతున్న తల. రెండు ఫోటోలు తయారయ్యాయి. ఒకటి ఆగయ్య ఒక్కడిదే, నిలువెత్తుది. రెండోది ఊర్మిల పెళ్ళిది, ఖాళీలో ఆగయ్యతో.

దినాల రోజు ఒంటరి ఫోటోకు బంతిపూల దండ వేసి పందిట్లో పెట్టారు. భూమవ్వ కళ్ళద్దాలు పెట్టుకొని చూసి, "గిట్లుంటడు," అని కూర్చుంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అసలు గండం మధ్యాహ్నం భోజనాలకు ఊరు రావడంతో మొదలైంది. దేవవ్వ ఫోటో ముందు దండం పెట్టి, లేచి, ఆగి, మళ్ళీ వంగి చూసింది.

"ఏమయ్యా!" అని భర్తను పిలిచింది. "గీ సఫారీ నీదే గద! పెన్ను గూడ నీదే! ఆయినకెందుకిచ్చినవ్?"

గంగాప్రసాద్ నీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"అడిగిండు. ఇచ్చిన."

"మా ఆయనకు గూడ గిట్లాంటిదే ఉండె," అంది వెనక నుంచి ఒకామె. "మాయినకు గూడ," అంది ఇంకొకామె. ఆడవాళ్ళంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి మగవాళ్ళ వైపు తిరిగారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ముసలివాళ్ళంతా ఒకే బంతిలో కూర్చొని ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు. వాళ్ళల్లోంచి బట్టతలాయన గొంతు సవరించుకున్నాడు.

"గప్పుడు దుబాయిల గా బట్ట మస్తు అగ్గువ. అందరం గదే కొనుక్కున్నం."

"ఔ," అన్నాడు గంగాప్రసాద్.

"ఔ, ఔ," అంది బంతంతా. "పప్పు ఇటు తేరి."

చుట్టాలంతా వెళ్ళిపోయాక అఖిల రెండో ఫోటో తెచ్చి బాపమ్మ ఒళ్ళో పెట్టింది. భూమవ్వ చాలాసేపు చూసింది. పెళ్ళికూతురిని చూసింది, తనను చూసుకుంది, ఆ పక్కన నిలబడ్డ మనిషిని చూసింది. విఠల్ ఎంత తంటాలు పడ్డా ఆ మోచేతిని మాత్రం ఏమీ చేయలేకపోయాడు. అది సరిగ్గా నీలం సఫారీ డొక్కలో గుచ్చుకొని ఉంది. ఆగయ్య మాత్రం పన్ను లేని నోటితో నవ్వుతూనే ఉన్నాడు.

రాజమౌళి మిగిలిన దండ తెచ్చాడు.

"గీ ఫోటోకు గూడ వెయ్యాల్నా అమ్మా?"

"నీ తెలివి పాడుగాను! అండ్ల బతికున్న నేను లేనా?" అని కసిరి, ఫోటోను కొంగుతో తుడిచింది. తర్వాత వేలితో సఫారీ మీద తట్టింది.

"జర జరుగవయ్యా," అంది భూమవ్వ. "నేను పడ్తలేను."